నూట ఎనభై ఏడో పువ్వు

రూపాయి బిళ్ళని రెండువందలసార్లు ఎగరేసి, ప్రతిసారీ బొమ్మ పడిందో బొరుసు పడిందో రాసుకురమ్మనడం కూడా ఒక హోంవర్కేనా అనిపించింది నాకు. అందుకే మా మేనకోడలు బేబిని పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్క బిళ్ళ కూడా ఎగరేయకుండా, టీవీలో క్రికెట్ చూస్తూ రెండువందల ఫలితాలూ నేనే చెప్పేశాను. బేబి రాసుకుంది. బొమ్మ, బొరుసు, బొరుసు, బొమ్మ. ఎంత న్యాయంగా చెప్పానంటే, చివర్లో లెక్కపెడితే తొంభై తొమ్మిది బొమ్మలు, నూట ఒక్క బొరుసులు తేలాయి. నా నిష్పాక్షికతకి నాకే ముచ్చటేసింది.

మూడో రోజు కాలేజీ నుంచి ఫోన్ వచ్చింది. బేబి తరఫున ఎవరైనా వచ్చి మేథ్స్ మేడమ్‌ని కలవాలట. మా అక్క రోజారమణి పప్పులో పోపు పెడుతూ, ఆ హోంవర్కు ఎవరు చేశారో వాళ్ళే వెళ్ళాలని తీర్పు చెప్పింది.

నా పేరు అనంత్. రోలుగుంట మండలంలో వ్యవసాయ విస్తరణాధికారిని. పొద్దున్నే ఫోన్లో వాతావరణ సూచన చూసి, వర్షం పడే అవకాశం అరవై శాతం అని రైతులకి చెప్పి, సాయంత్రం వాళ్ళ చేత మాటలు పడే ఉద్యోగం. వాన పడితే గట్టిగా చెప్పలేదని కోపం, పడకపోతే అరవై అన్నావు కదా అని కోపం. నర్సీపట్నంలో అక్కావాళ్ళింట్లో ఉంటాను. ఇంటి అద్దె మిగులుతోంది కదా అనేవాళ్ళకి మా అక్కకి రోజూ కూరలు తెచ్చిపెట్టి చూడమని సలహా ఇస్తాను.

స్టాఫ్ రూంలో మేథ్స్ మేడమ్ అంటే కళ్ళజోడు, బెత్తం, యాభై ఏళ్ళు ఊహించుకుని వెళ్ళాను. కళ్ళజోడు ఒక్కటే నిజమైంది. పేరు లక్ష్మీసాహితి. నన్ను కూర్చోమనలేదు. బేబి పుస్తకం నా ముందు పెట్టి, ఇది మీరే రాయించారు కదా అంది. చేతిరాత మా పిల్లదే కదా, ఎలా చెప్పగలరని దబాయించాను.

"రెండువందల టాసుల్లో ఒక్కచోట కూడా మూడుకి మించి వరసగా ఒకటే పడలేదండీ. నిజం రూపాయికి ఇంత మర్యాద తెలీదు. ఆరేసిసార్లు, ఏడేసిసార్లు ఒకటే పడుతూంటాది. మనిషికే భయం. నాలుగోసారి కూడా బొమ్మ అని రాస్తే ఎవరేటనుకుంటారో అని."

దొంగతనం చేసి కాదు, మరీ న్యాయంగా ప్రవర్తించి దొరికిపోయిన మొదటి మనిషిని నేనే అయ్యుంటాను. 

శిక్ష కూడా ఆమే నిర్ణయించింది. పిల్లకి కాదు, నాకు. వరండాలో బెంచీ చూపించి, టేబుల్ సొరుగులోంచి ఒక రూపాయి తీసిచ్చి, రెండువందలూ ఎగరేసి రాసి వెళ్ళమంది. మేడమ్, నేను గవర్నమెంటు ఉద్యోగిని అన్నాను. అయితే ఖాళీయే కదండీ అంది.

బయట వాన మొదలైంది. ఆ రోజు నేను రైతులకి చెప్పిన అవకాశం ఇరవై శాతం. వరండాలో ఇంటర్ పిల్లలంతా వచ్చేపోతూ, జిల్లా వ్యవసాయ శాఖ బొమ్మా బొరుసూ ఆడుకోవడం చూసి నవ్వుకుంటున్నారు. నూట పన్నెండో టాసు దగ్గర మొదలుపెట్టి వరసగా ఏడు బొమ్మలు పడ్డాయి. అప్పుడే ఆమె క్లాసు ముగించుకుని అటువైపు వచ్చింది. ఇప్పుడు పడేది బొరుసే, రాసిపెట్టుకోండి అన్నాను. ఎందుకంది. ఏడుసార్లు బొమ్మ పడింది, ఇక బొరుసు వంతు అన్నాను.

"వంతు అని రూపాయికి ఎవరు సెప్పారండీ? ముందేటి పడిందో మనకి గుర్తుంటాది గాని, దానికెందుకుంటాది?"

ఎగరేశాను. బొమ్మే పడింది. ఆమె నవ్వింది. గెలిచినందుకు వచ్చిన నవ్వు కాదు, ఒక పిల్లాడికి లెక్క అర్థమైనప్పుడు టీచర్లకి వచ్చే నవ్వు. నాకు లెక్క అర్థం కాలేదు, ఆ నవ్వు మాత్రం పూర్తిగా అర్థమైంది.

ఆ తరువాత బేబి చదువు మీద నాకు పుట్టిన శ్రద్ధ చూసి మా అక్క భయపడింది. వారానికి రెండుసార్లు కాలేజీకి వెళ్ళి పిల్ల ప్రోగ్రెస్ అడిగేవాణ్ణి. పిల్ల బాగానే ఉందని, మేనమామ ప్రోగ్రెస్సే అంతంతమాత్రంగా ఉందని ఆమె చెప్పేది. ఒకరోజు ధైర్యం చేసి, మా రైతులకి అరవై శాతం అంటే ఏమిటో నేను చెప్పలేకపోతున్నాను, మీరొచ్చి చెబుతారా అని అడిగాను. వస్తుందనుకోలేదు. వచ్చింది.

రోలుగుంట దాటాక జీడితోటల మధ్య షెడ్డులో మీటింగు. సాహితి చాలా ఓపిగ్గా, ఈరోజులాంటి రోజులు పది ఉంటే ఆరింట్లో వాన పడుతుంది, నాలుగింట్లో పడదు, అంతే అని వివరించింది. అందరూ తలూపారు. భీమన్న మాత్రం తువ్వాలు భుజం మార్చుకుని లేచాడు. డెబ్భై ఏళ్ళవాడు, నన్ను బాబూ అని పిలుస్తూనే నా ఉద్యోగం ఊడగొట్టగలిగేవాడు.

"బాగుందమ్మా. మరి ఈయేళ రోజు ఆ ఆరింట్లోదా, నాలుగింట్లోదా? అది సెప్పండి సాలు."

ఎమ్మెస్సీ గోల్డ్ మెడల్ సాహితి, వ్యవసాయ శాఖ నేను, ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. జవాబు మా ఇద్దరి దగ్గరా లేదు. పావుగంటలో వానే వచ్చి చెప్పింది. రైతులు విత్తనాలు తడుస్తాయని బేగి బేగి వెళ్ళిపోయారు. షెడ్డులో మేమిద్దరం, రేకుల మీద చప్పుడు, ఒక ప్లాస్టిక్ కుర్చీ. ఆమె కూర్చోలేదు, నేనూ కూర్చోలేదు. ఆ కుర్చీ గురించి ఒకరినొకరు బతిమాలుకుంటూ గంట గడిపాం. నా జీవితంలో అంత మంచి గంట అంతకుముందు లేదు.

ఆగస్టు చివర్లో, అబీద్ సెంటర్‌లో టీ తాగుతూ, మిమ్మల్ని పెళ్ళి చేసుకోవాలని ఉంది అని చెప్పేశాను. ఎక్కువ మాటలు సిద్ధం చేసుకున్నాను గాని, టీ చల్లారుతోందని కుదించాను. ఆమె గ్లాసు కింద పెట్టింది. తనకీ ఉందంది. నేను ఊపిరి పీల్చుకునేలోగా, కానీ మా ఇంట్లో పువ్వు పెట్టాలి అంది.

వాళ్ళ తాతగారు సోమయాజులుగారు రిటైర్డ్ హెడ్మాస్టరు. ఇంట్లో ఆయన మాటే మాట, కాని ఆయన మాట కూడా పువ్వు చెప్పాకే. ఏ పెద్ద విషయమైనా, దేవుడి గూట్లో రెండు తమలపాకు పొట్లాలు పెడతారు. ఒకదాంట్లో ఎర్ర గన్నేరు, ఒకదాంట్లో తెల్ల నందివర్ధనం. రెండూ అరటినారతో కట్టి, ఏటికొప్పాక లక్క భరిణెకి చెరోవైపు ఉంచుతారు. అందరూ చేతులు జోడించి కళ్ళు మూసుకుంటారు. నాయనమ్మ బాలాంబగారు కూడా కళ్ళు మూసుకుని, రెండు పొట్లాలూ కలిపి, ఒకటి తీసి తాతగారికి అందిస్తారు. ఎర్రది వస్తే అవును, తెల్లది వస్తే కాదు. ఒక ప్రశ్న రెండోసారి అడగకూడదు. గడిచిన మూడేళ్ళలో సాహితికి ఐదు సంబంధాలు వస్తే, ఐదింటికీ తెల్లపువ్వే వచ్చింది.

పొద్దున్నంతా ప్రాబబిలిటీ చెప్పి, సాయంత్రం వెళ్ళి పువ్వు ముందు చేతులు కట్టుకునే లెక్చరర్ని చూడటం అదే మొదలన్నాను. నేను నమ్మను, వాళ్ళు నమ్ముతారు అంది. ఐదుసార్లు తెల్లది వచ్చింది కాబట్టి ఈసారి మనకి ఎర్రదే అని ఓదార్చబోయాను. ఆమె నన్ను చూసిన చూపులో వరండా బెంచీ కనబడింది. నోరు మూసుకున్నాను.

తమాషా ఏమిటంటే, సోమయాజులుగారూ సరిగ్గా నాలాగే ఆలోచించారు. మా అక్క వెళ్ళి నా సంగతి మాట్లాడిన వారంలోనే నక్కపల్లి నుంచి మరో సంబంధం వచ్చింది. అబ్బాయి హైదరాబాదులో సాఫ్ట్‌వేర్, పొడగరి, వాళ్ళ నాన్న కారులో వచ్చాడు. ఐదు తెల్లవి అయిపోయాయి, ఇది ఎర్రపువ్వు వంతు, అలాంటి వంతుని రోలుగుంట వ్యవసాయ శాఖ మీద వృథా చేయడమెందుకని తాతగారు తేల్చారు. శుక్రవారం ఉదయం మొదట నక్కపల్లికి పువ్వు. అది తెల్లదైతే అప్పుడు నాకు.

సాహితి లెక్క వేసింది. అది తెల్లది పడాలి, సగం. తరువాత నాది ఎర్రది పడాలి, సగం. రెండూ కలిసి పడటానికి పావు. నా పెళ్ళికి నేను రైతులకి చెప్పే అరవై శాతంలో సగం అవకాశం కూడా లేదని తేలింది. మీ తాతగారికి మీరే చెప్పొచ్చు కదా అన్నాను. మైకు లేకుండా ఆఖరి బెంచీ దాకా వినబడే గొంతు కదా అని కూడా అన్నాను. ఆ ఇంట్లో ఎవరూ ఫలానాది కావాలని ఇంతవరకు అడగలేదంది. అమ్మానాన్నా కూడా అడగలేదట. అడగాల్సిన అవసరం రాకుండా పువ్వు చూసుకుందట.

ఆ బుధవారం ఆమె ఒక పాత లాంగ్ నోట్‌బుక్ తెచ్చి నా ముందు పెట్టింది. హెడ్మాస్టరుగారు కదా, డెబ్భై ఎనిమిది నుంచి ప్రతి పువ్వూ రాసిపెట్టారు. తేదీ, విషయం, రంగు. మొత్తం నూట ఎనభై ఆరు. నిజంగా సగం సగం పడుతోందో లేదో చూద్దామని తెచ్చానంది. వేలు పెట్టి ఒక్కొక్క పేజీ చదువుతూ పోయింది. పదో పేజీ దగ్గర వేలు ఆగింది. మళ్ళీ మొదటికి వెళ్ళింది.

"ఇది మీరు రాసినట్టే ఉందండీ," అంది నెమ్మదిగా.

నాకేమీ అర్థం కాలేదు. నలభై ఏడేళ్ళలో, ఆఖరి ఐదూ తప్పిస్తే, ఒకే రంగు వరసగా నాలుగుసార్లు ఎక్కడా రాలేదని చూపించింది. ఎర్ర, తెల్ల, తెల్ల, ఎర్ర. మా బేబి హోంవర్కులా చక్కగా, మర్యాదగా. దేవుడు తీసిన పువ్వులైతే ఎక్కడో ఒకచోట ఆరో ఏడో వరసగా పడి ఉండాలి. ఇవి ఎవరో మనిషి తీసిన పువ్వులు.

అప్పుడు ఇద్దరం రంగులు వదిలేసి విషయాలు చదివాం. ఇంట్లో గ్యాస్ స్టవ్ పెట్టించడం, ఎర్ర. జీడితోట అమ్మేసి చిట్‌ఫండ్ పెట్టడం, తెల్ల. పెరట్లో బోరు వేయించడం, ఎర్ర. తాతగారు ఎలక్షన్లో నిలబడటం, తెల్ల. సాహితిని ఎమ్మెస్సీకి విశాఖ పంపడం, ఎర్ర. మధ్యమధ్యలో గొడుగు కొనడం, గోడ గడియారం మార్చడంలాంటి చిల్లర విషయాల్లో తాతగారి ముచ్చట తీరుస్తూ కొన్ని ఎర్రవి, విసిగిస్తూ కొన్ని తెల్లవి. ఆ ఇంటిని నలభై ఏడేళ్ళుగా ఎవరు నడుపుతున్నారో ఆ నోట్‌బుక్కులో తాతగారే తన చేత్తో రాసుకున్నారు.

ఎలాగో సాహితి చెప్పింది. గన్నేరుకి తొడిమ దగ్గర గట్టిగా ఉంటుందట. నందివర్ధనం కాడ సన్నగా, మెత్తగా ఉంటుందట. తమలపాకు పైనుంచి బొటనవేలితో నొక్కితే ఇట్టే తెలుస్తుందట. రోజూ దండలు కట్టే ఏ ఆడమనిషికైనా తెలిసే సంగతి. కాని ఆ ఇంటి మగాళ్ళు ఒక్కరోజు కూడా దండ కట్టలేదు. అందుకే నలభై ఏడేళ్ళు దేవుడు కనిపించాడు వాళ్ళకి. నేనూ ఏ రోజూ కట్టలేదు లెండి, నా తెలివి గురించి చెప్పుకోవడానికేమీ లేదు.

నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంకేముంది, నాయనమ్మగారికి చెబితే నక్కపల్లికి తెల్లది, నాకు ఎర్రది, కార్తీకంలోనే ముహూర్తం అన్నాను. వారం క్రితం పువ్వుని ఎగతాళి చేసినవాణ్ణే. సాహితి మాత్రం నవ్వలేదు. ఐదు సంబంధాలు తప్పిపోవడం ముప్ఫై రెండింట్లో ఒకటి పడే అదృష్టం అనుకున్నానండీ, అంది. ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి.

మర్నాడు పొద్దున్న పెరట్లో దండ కడుతున్న నాయనమ్మ పక్కన కూర్చుని, అంతా తెలిసిపోయిందని చెప్పిందట. ఆవిడ దారం ఆపకుండానే మాట్లాడిందట. ఆ మాటలు సాహితి నాకు ఉన్నదున్నట్టు చెప్పింది.

"మీ తాతగారికి నా మాట సెవికెక్కదు, పువ్వు మాట ఎక్కుతాది. మరేటి సెయ్యమంటావు? వరసగా ఒకే రంగు వస్తే అనుమానపడతారని మధ్యలో మార్చి మార్చి తీసేదాన్ని. నీ పెళ్ళి దగ్గర మాత్రం మార్చలేకపోయాను. ఫొటో చూసినప్పుడల్లా నీ మొహం అలా మాడిపోయేది. నువ్వు ఒక్కసారి కూడా నోరిప్పలేదు."

అబ్బాయి ఎలాంటివాడని కూడా అడిగిందట. హోంవర్కు దొంగగా రాయిస్తాడని సాహితి చెప్పిందట. స్కూలు రికార్డులన్నీ మీ తాతగారు నా చేతే రాయించేవారు, పరవాలేదందట బాలాంబగారు. తరువాత తన చేతివేళ్ళు చాపి చూపించిందట.

"షుగరొచ్చాక మొద్దుబారిపోయాయే. సూది గుచ్చుకున్నా తెలీడం లేదు. ఏడాదిగా ఏది గన్నేరో, ఏది నందివర్ధనమో తెలీదు నాకు. అయిదో తెల్లపువ్వు నేను తియ్యలేదు, అది నిజంగా దేవుడే తీశాడు. రేపు కూడా ఆయనే తియ్యాలి."

నలభై ఏడేళ్ళలో రెండోసారి ఆ ఇంట్లో పువ్వు నిజమైన టాసు కాబోతోంది. ఎవరి చేయీ పడని, ఏ పక్షమూ వహించని, సాహితి బోర్డు మీద రాసే సగానికి సగం. పాఠాల్లో దాన్ని అంత అందంగా చెప్పే మనిషి, అది తన గుమ్మంలోకి వచ్చేసరికి తెల్లబోయి కూర్చుంది. రేపు శుక్రవారం ఆ పావులోదా, ముప్పావులోదా అని నన్నడిగింది. భీమన్న ప్రశ్న.  నేను వచ్చి మీ తాతగారితో మాట్లాడతానన్నాను. మీరు మాట్లాడితే అది మీ ఇష్టం అవుతుందండీ, అంది.

శుక్రవారం ఎనిమిదింటికి అక్కా నేనూ వెళ్ళాం. రిజల్ట్సు కోసం వచ్చిన అభ్యర్థిలా నన్ను గోడవారగా నిలబెట్టారు. నక్కపల్లివాళ్ళు ఫోన్ దగ్గర కాచుకుని ఉన్నారట. తాతగారు నోట్‌బుక్కులో నూట ఎనభై ఏడో వరస ముందే రాసిపెట్టుకున్నారు. తేదీ అయింది, విషయం అయింది, రంగు ఒక్కటే ఖాళీ. ఆయన మొహంలో అనుమానమే లేదు, వంతు వచ్చేసింది కదా. అందరూ కళ్ళు మూసుకున్నారు. నేను మూసుకోలేదు. బాలాంబగారి చేయి రెండు పొట్లాల మీదా వెతికింది. ఒకదాన్ని నొక్కింది, ఇంకోదాన్ని నొక్కింది, మళ్ళీ మొదటిదాని దగ్గరికి వచ్చింది.  

"నాయనమ్మా, తియ్యకు," అంది సాహితి.

అందరి కళ్ళూ తెరుచుకున్నాయి. ఇన్నేళ్ళలో పువ్వు దగ్గర మధ్యలో మాట్లాడినవాళ్ళు లేరని తాతగారు హెడ్మాస్టరు గొంతుతో గుర్తుచేశారు. సాహితి ఆఖరి బెంచీ దాకా వినబడే తన గొంతు తీసింది.

"ఎర్రది పడినా నేను ఆ అబ్బాయిని చేసుకోను తాతగారూ. తెల్లది పడినా ఈయన్ని మానుకోను. నాకు అనంత్‌గారంటే ఇష్టం. ఇంక పువ్వుని అడిగి ఏటి లాభం?"

ఒకటి ఎలా పడినా రెండోది మారకపోవడాన్ని వాళ్ళ లెక్కల్లో స్వతంత్ర ఘటనలంటారని బేబి పుస్తకంలో ఉంది, నేనే దిద్దించాను. చూడటం మాత్రం అదే మొదలు. వాళ్ళ నాన్నగారు నేలచూపులు చూస్తున్నారు. మా అక్క నా చేయి గట్టిగా పట్టుకుంది.

సోమయాజులుగారికి కోపం వచ్చి పోయింది. ఆ తరువాత వచ్చింది భయం. పువ్వు చెప్పకుండా ఒక నిర్ణయం ఎలా తీసుకోవాలో ఆ పెద్దాయనకి తెలియదు, ఎప్పుడూ తీసుకోలేదు. గూట్లో దేవుడి వైపు చూశారు. పొట్లాల వైపు చూశారు. చివరికి, దిక్కుతోచక, పొట్లాల మీద ఉన్న చేతి మనిషి వైపు తిరిగారు.

"బాలా, నువ్వేటంటావు?"

 నలభై ఏడేళ్ళు వేళ్ళతో మాట్లాడిన బాలాంబగారికి ఆ ప్రశ్నకి నోటితో జవాబు చెప్పడం అలవాటు తప్పినట్టుంది. రెండు పొట్లాలూ మెల్లగా తీసి కొంగులో వేసుకుంది.

"నాకిష్టమేనండీ. మనవరాలి మొహం చూడండి, మాడలేదు."

తాతగారు మనవరాలి మొహం చూశారు. తరువాత నన్ను ఎగాదిగా చూసి, ఈ సాయంత్రం వాన పడుతుందా అని అడిగారు. అరవై శాతం అన్నాను. ఆయన నిట్టూర్చి, జేబులోంచి పెన్ను తీశారు.

బాలాంబగారు ఆ పొట్లాలు విప్పకుండానే తీసుకెళ్ళి మొక్కల మొదట్లో వేసేసింది. ఆ చేతికి ఏది అందబోయిందో ఎవరికీ తెలియదు. విప్పి చూద్దామని నాకు చెయ్యి దురదపెట్టింది గాని, సాహితి కళ్ళతోనే వద్దంది. టిఫిన్ల హడావుడిలో నోట్‌బుక్ అలా తెరిచే ఉండిపోయింది. నూట ఎనభై ఏడో వరసలో నక్కపల్లి కొట్టేసి, పైన చిన్న అక్షరాలతో నా పేరు రాసి ఉంది. రంగు రాయాల్సిన చోట హెడ్మాస్టరుగారి గుండ్రటి చేతిరాతతో ఇలా ఉంది.

బాలాంబని అడిగాను.